ఇంట్లో చేసే కారపు చిరుతిళ్ళు పళ్లెంలోకి వచ్చేసరికి ఎందుకు మెత్తబడుతున్నాయి?

తొలిపొద్దు

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి ఎనిమిది మంది మిత్రులు వస్తున్నారు. నిండు భోజనం కాకుండా, తీపి కాని చిరుతిళ్ళు నాలుగైదు రకాలు, వాటితోపాటు తేలికగా కడుపు నిండే వంటకం ఒకటో రెండో చేయాలని అనుకుంటున్నాను. పోయిన నెల ఇలాగే పూనుకొని మూడు రకాలు చేశాను: ఓవెన్‌లో వేయించిన కాబూలీ శనగలు, టమాటా ముక్కలు పేర్చిన బ్రెడ్ టోస్టులు, చీజ్ కూరిన పుట్టగొడుగులు. వంటింట్లో రుచి చూసినప్పుడు మూడూ బాగున్నాయి. అందరూ వచ్చి కూర్చుని, మాటలు మొదలై, పళ్లెం చేతికి అందేసరికి మాత్రం శనగలు నమిలితే సాగుతున్నాయి, టోస్టు ఎత్తితే నడుమ వంగి విరుగుతోంది, పుట్టగొడుగుల కింద నీటి మడుగు కట్టింది.

ఉప్పూ కారమూ సరిగానే కుదిరాయి కాబట్టి లోపం రుచిలో లేదు. నా దగ్గర ఓవెన్, ఒక మందపాటి పెనం, మామూలు పాత్రలు ఉన్నాయి. మూకుడు నిండా నూనె పోసి వేయించే వంటకాలు ఎనిమిది మందికి ఒక్కదాన్నే చేయలేను. నేను ఎక్కడ పొరబడుతున్నానో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? మిగిలినవాటిని ఆ వారంలో మధ్యాహ్నం బాక్సులో తీసుకువెళ్ళడానికి వీలుంటే ఇంకా మేలు.

పొయ్యిముందు

తొలిపొద్దు గారూ, మీరు మూడు వంటకాలు చెప్పారు కానీ మూడింటిలోనూ జరిగింది ఒకే తప్పు. నీటిని బయటికి పంపవలసిన సమయంలో పంపలేదు. కరకరలాడే గుణం దినుసులో ఉండదు, దానిలోంచి నీరు పోయిన తర్వాత మిగులుతుంది. పోయిన నీరు మూడు దారుల్లో తిరిగి వస్తుంది: దినుసు నడిమధ్యలో మిగిలిన చెమ్మ పైకి పాకుతుంది, పైన పెట్టిన పదార్థం వదిలిన రసం కిందికి దిగుతుంది, వేడి ఆరకుండా మూత పెడితే ఆవిరి నీరై అక్కడే పడుతుంది. మీ శనగలకు మొదటిదీ మూడోదీ, టోస్టుకు రెండోది, పుట్టగొడుగులకు మొదటిది తగిలాయి.

శనగల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అది కుదిరితే మిగతావన్నీ అర్థమవుతాయి. రాత్రంతా నానబెట్టి, నొక్కితే నలిగేటంత మెత్తగా ఉడికించి, నీళ్ళు వార్చండి. చాలామంది ఇక్కడే తొందరపడి నూనె కలిపి ఓవెన్‌లోకి తోసేస్తారు. అలా చేస్తే మొదటి పావుగంట శనగ వేగదు, తన తడిలో తానే మళ్ళీ ఉడుకుతుంది. వార్చిన శనగలను పొడి నూలు గుడ్డ మీద ఒకే వరుసలో పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్ది, కనీసం అరగంట గాలికి వదలండి. పొట్టు మీద మెరుపు పోయి, ముట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. విడిగా ఊడిన పొట్టు ఉంటే ఏరి పారేయండి, అది ముందే మాడి చేదెక్కుతుంది.

తర్వాత నూనె, ఉప్పు పట్టించి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో 35 నుంచి 40 నిమిషాలు, మధ్యలో రెండు మూడు సార్లు పళ్లెం కుదుపుతూ వేయించండి. ఒక గింజ తీసి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు కొరికి చూడండి. వేడిగా ఉన్నప్పుడు కొరికితే ఎప్పుడూ మోసపోతాం. లోపల ముద్దలాగా తగిలితే ఇంకా కాలేదన్నమాట. అయిన తర్వాత ఓవెన్ ఆపి, తలుపు ఓరగా తెరిచి, శనగలను లోపలే వదిలేయండి. ఆ ఆరిపోతున్న సెగలో చివరి చెమ్మ కూడా పోతుంది. డబ్బాలో పోయడం మాత్రం పూర్తిగా చల్లారాకే.

అరచెంచా

పొయ్యిముందు గారు చెప్పిన విధానం సరైనదే. కొలతలు లేకుండా తొలిసారి చేసేవారికి ఇబ్బంది కలుగుతుంది కాబట్టి అవి ఇస్తున్నాను. ఎండు శనగలు 250 గ్రాములు తీసుకుంటే ఉడికి వార్చాక దాదాపు రెట్టింపు తూగుతాయి. దానికి నూనె 2 పెద్ద చెంచాలు, ఉప్పు 1 చిన్న చెంచా సరిపోతాయి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడితే కింది గింజ ఆవిరిలో ఉడుకుతుంది కనుక, అవసరమైతే రెండు పళ్ళాలు వాడండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పదలిచాను. కారప్పొడి, వెల్లుల్లి పొడి, మిరియాల పొడి వంటివి వేయించే ముందు పట్టించకండి. 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంటే పొడులు మాడి, శనగ వేగకముందే చేదు దిగుతుంది. బయటికి తీసిన వెంటనే, పైన నూనె ఇంకా వేడిగా ఉన్నప్పుడే చల్లి కలపాలి. చల్లారాక చల్లితే పొడి గింజను అంటుకోదు, డబ్బా అడుగున చేరుతుంది. నిమ్మరసం పిండాలనుకుంటే అది పళ్లెంలో తినే ముందు మాత్రమే, లేదంటే ఇంతసేపు పోగొట్టిన నీటిని మన చేతులతో మనమే తిరిగి పోసినట్టవుతుంది.

గోధుమవన్నె

టోస్టుల గురించి నేను చెబుతాను. నేను వారానికి మూడుసార్లు రొట్టె కాలుస్తాను, బ్రెడ్ తడిసిపోతే చూడలేను.

టమాటాలో 94 శాతం వరకు నీరే ఉంటుంది. ముక్కలు కోసి ఉప్పు వేసిన క్షణం నుంచి ఆ నీరు బయటికి రావడం మొదలవుతుంది. దాన్ని ఆపలేం కాబట్టి ముందే రానివ్వాలి. గింజల భాగం తీసేసి చిన్న ముక్కలు తరిగి, ఉప్పు కలిపి, జల్లెడలో 20 నిమిషాలు ఉంచితే కింద గిన్నెలోకి మంచి రసం దిగుతుంది. ఆ రసాన్ని పారబోయవద్దు, సలాడ్‌లోకో సూప్‌లోకో చాలా రుచినిస్తుంది. ముక్కలకు ఆలివ్ నూనె, మిరియాల పొడి, తరిగిన తులసి లాంటి ఆకు ఏదైనా కలిపి పక్కన ఉంచండి.

బ్రెడ్ ముక్క ఒక సెంటీమీటరు కంటే పలుచగా ఉండకూడదు. రెండు వైపులా నూనె రాసి 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు, నడుమ కూడా గట్టిపడేదాకా కాల్చండి. పెనం మీద పైపైన ఎర్రబడితే లోపల మెత్తగానే ఉంటుంది, గంటలో ఆ చెమ్మ పైకి వచ్చి మొత్తం సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడే పచ్చి వెల్లుల్లి రెబ్బను పైన ఒకసారి రుద్దితే చాలు, గరుకుగా ఉన్న బ్రెడ్డే దాన్ని తురుముకుంటుంది. తర్వాత వెన్న గానీ, మెత్తని చీజ్ గానీ పలుచగా పూయండి. కొవ్వు నీటిని తనలోకి రానివ్వదు గనుక, పై నుంచి దిగే రసానికి ఆ పూత అడ్డుగోడ. ఇంత చేసినా టమాటా పేర్చడం మాత్రం పళ్లెం బయటికి వెళ్ళడానికి 5 నిమిషాల ముందే. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, టోస్టులు ఒక బుట్టలో, టమాటా ఒక గిన్నెలో పెట్టి, ఎవరిది వారే పేర్చుకోనివ్వడం. అది మీ శ్రమను సగం చేస్తుంది.

తెల్లకాగితం

నేను ఆహార శాస్త్రం బోధించే వృత్తిలో ఉన్నాను. పుట్టగొడుగుల విషయం నాకు వదిలేయండి.

పుట్టగొడుగు బరువులో 90 శాతానికి పైగా నీరు ఉంటుంది. కడిగితే నీరు పీల్చుకుంటుందనే భయంతో తడి గుడ్డతో తుడవడమే మంచిదని చాలామంది చెబుతారు. చల్లటి నీటిలో త్వరగా కడిగి వెంటనే తుడిస్తే అది పీల్చుకునే నీరు, దానిలో ముందే ఉన్న నీటితో పోలిస్తే చాలా స్వల్పం. మీ పళ్లెంలో మడుగు కట్టింది కడిగిన నీరు కాదు, పుట్టగొడుగు సొంత నీరు. నానబెట్టడం మాత్రం వద్దు.

కాడలు తీసిన గొడుగులకు కాస్త నూనె, ఉప్పు రాసి, బోలు భాగం కిందికి ఉండేలా పళ్లెంలో బోర్లించి, 200 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు కాల్చండి. లోపలి నీరు అడుగుకు కారిపోతుంది. దాన్ని వంపేసి, గొడుగులను వెల్లకిలా తిప్పి, అప్పుడు కూర్పు నింపి ఇంకో 10 నుంచి 12 నిమిషాలు కాల్చండి. కాడలను పారేయకండి. వాటిని సన్నగా తరిగి, నూనె లేని పెనం మీద వేయిస్తే ముందు నీరు వదులుతాయి, తర్వాత ఆ నీరు ఇగిరిపోతుంది. చిటపట శబ్దం వచ్చినప్పుడు వెన్న, ఉల్లి, వెల్లుల్లి వేసి దోరగా వేయించండి. దీనికి గుప్పెడు బ్రెడ్ పొడి, తురిమిన చీజ్ కలిపితే కూర్పు సిద్ధం. మిగిలిన కాస్త చెమ్మను బ్రెడ్ పొడి పీల్చుకుంటుంది.

అతిగా ఉడికిపోతాయేమోనని మాత్రం భయపడకండి. కూరగాయల కణాల గోడల్లో ఉండే పెక్టిన్ వేడికి కరిగి అవి మెత్తబడతాయి. పుట్టగొడుగుల గోడలు కైటిన్‌తో కట్టినవి, దానికి వేడంటే లెక్కలేదు. అందుకే ఎంతసేపు వండినా ముద్ద కావు.

నీలిమబ్బు

ఆదివారం గురించి అందరూ చెప్పారు, నేను సోమవారం బాక్సు గురించి చెబుతాను. ఆరేళ్ళుగా రోజూ మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే తీసుకువెళుతున్నాను. వేడి చేసుకునే సౌకర్యం లేని చోట పనిచేస్తాను కాబట్టి చల్లగా తిన్నా బాగుండేవే నాకు పనికొస్తాయి.

మీరు ఆదివారానికి శనగలు ఉడికించేటప్పుడే 250 గ్రాములు అదనంగా ఉడికించండి. వేయించడానికి సగం, మిగతా సగం నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పుతో కలిపి రుబ్బి హమ్మస్ చేయడానికి. ఆ సగాన్ని ఉడికించే నీటిలో అర చిన్న చెంచా వంట సోడా వేస్తే పొట్టు త్వరగా కరిగి, గింజ వేళ్ళ మధ్య నలిగిపోయేంత మెత్తగా అవుతుంది. రుబ్బేటప్పుడు చెంచా చెంచాగా చల్లని నీరు పోస్తుంటే ముద్ద తెల్లబడి నునుపెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు వాడుకోవచ్చు.

బాక్సు సర్దడంలో నాకు ఒకే నియమం ఉంది. తడి అడుగున, ఆకు పైన. మూత బిగుతుగా ఉన్న పొడవాటి సీసాలో ముందుగా నూనె, నిమ్మరసం, ఉప్పు కలిపిన రసం పోస్తాను. దాని మీద ఉడికించిన శనగలో, రాజ్మా గింజలో వేస్తాను. అవి ఆ రసంలో నాని ఇంకా రుచిగా అవుతాయి. ఆపైన కీరా, క్యారెట్, తర్వాత ఉడికించిన గుడ్డు లేదా చీజ్ ముక్కలు, అన్నిటికంటే పైన బాగా తడి ఆర్చిన ఆకులు. తినే ముందు పళ్లెంలోకి బోర్లిస్తే అన్నీ వాటంతటవే కలుస్తాయి. వేయించిన శనగలు ఉంటే అవి వేరే చిన్న డబ్బాలో తీసుకెళ్ళి చివరలో చల్లుకుంటాను.

సాండ్‌విచ్ తీసుకెళ్ళే రోజు బ్రెడ్ రెండు ముక్కలకూ అంచుల దాకా వెన్న రాస్తాను. కీరాలో 95 శాతం నీరు ఉంటుంది కనుక చక్రాలకు ఉప్పు చల్లి 15 నిమిషాలు ఆగి, గుడ్డలో అద్దుతాను. ఈ రెండు పనులకు పట్టేది కాస్త సమయమే అయినా, నాలుగు గంటల తర్వాత బాక్సు తెరిచినప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తెల్లకాగితం

నీలిమబ్బు గారు రాజ్మా ప్రస్తావన తెచ్చారు గనుక ఒక మాట. ఎండు రాజ్మాలో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది, తగినంత వేడి తగలకపోతే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. నానబెట్టిన నీటిని పారబోసి, కొత్త నీటిలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాకే సెగ తగ్గించాలి. సన్నని సెగ మీద మెల్లగా ఉడికించే విద్యుత్ పాత్రలో పచ్చి రాజ్మాను నేరుగా వేయకూడదు. డబ్బాలో అమ్మే రాజ్మా ముందే ఉడికినది కాబట్టి దానితో ఈ భయం లేదు.

తొలిపొద్దు

ఇన్ని వివరాలు ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పరీక్షగా కొద్ది శనగలను గుడ్డ మీద ఆరబెట్టి వేయించాను, ఉదయానికి కూడా కరకరలాడుతున్నాయి. ఇదివరకు నేను వాటిని పది నిమిషాలు కూడా ఆరనివ్వలేదని ఇప్పుడు అర్థమైంది.

ఇంకో రెండు ప్రశ్నలు. గుడ్లను సగానికి కోసి, పచ్చసొనను మసాలాతో మెదిపి తిరిగి నింపే స్టార్టరు చేయాలనుకుంటున్నాను. ఎప్పుడు చేసినా పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడి వచ్చి గుడ్డంతా గుంటలు పడుతోంది. మార్కెట్ నుంచి తెచ్చిన రోజునే తాజాగా ఉడికిస్తున్నాను. ఇక రెండవది, బంగాళాదుంపతో పెనం మీద చేసే వంటకం ఏదైనా చెప్పండి.

పొయ్యిముందు

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, తాజా గుడ్డే మీ చిక్కు. కొత్త గుడ్డులో తెల్లసొన పెంకు లోపలి పొరకు గట్టిగా అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, తెల్లసొన క్షారగుణం పెరిగి, ఆ పట్టు సడలుతుంది. కాబట్టి ఆదివారానికి కావలసిన గుడ్లను వారం ముందే కొని ఫ్రిజ్‌లో ఉంచండి.

చల్లటి నీటిలో వేసి కాచకండి. నీరు తెర్లుతున్నప్పుడు గరిటెతో మెల్లగా దించండి. తొలి క్షణంలోనే వేడి తగిలితే తెల్లసొన పొరకు అంటుకోకుండా బిగుసుకుంటుంది. సెగ కాస్త తగ్గించి 11 నిమిషాలు ఉడికించి, వెంటనే ఐసు నీటిలో 10 నిమిషాలు ఉంచండి. అలా చల్లారిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కూడా రాదు. ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. తినడానికి హాని లేదు కానీ పళ్లెంలో చూపుకు బాగుండదు. వెడల్పుగా ఉన్న కొన దగ్గర గాలి అర ఉంటుంది, పెంకు ఒలవడం అక్కడ మొదలుపెట్టి, నీటి ధార కింద ఒలవండి.

నింపే ముద్దలోకి పచ్చసొనతో పాటు గడ్డ పెరుగు వాడవచ్చు. మామూలు పెరుగును గుడ్డలో కట్టి, జల్లెడలో పెట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే నీరు దిగి మెత్తని చీజ్ లాగా అవుతుంది. ఆరు గుడ్లకు మూడు పెద్ద చెంచాల గడ్డ పెరుగు, అర చిన్న చెంచా ఆవపిండి, ఉప్పు, మిరియాలు. అదే పెరుగులో వెల్లుల్లి, తరిగిన కొత్తిమీర కలిపితే క్యారెట్ ముక్కలు ముంచుకోవడానికి మంచి డిప్ అవుతుంది. ఒకే పనితో రెండు వంటకాలు అన్నమాట.

అరచెంచా

బంగాళాదుంప బిళ్ళలు చెబుతాను. వీటిలోనూ కథంతా నీటిదే.

అర కిలో బంగాళాదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ పెద్ద రంధ్రాల తురుముపీట మీద తురమండి. అర చిన్న చెంచా ఉప్పు కలిపి 5 నిమిషాలు ఆగి, గుడ్డలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి, చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి పిండండి. గిన్నెలో చేరిన నీటిని 10 నిమిషాలు కదపకుండా వదిలితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పై నీరు వంచేసి ఆ పిండిని మళ్ళీ తురుములో కలపండి. అదే బిళ్ళలను విడిపోకుండా పట్టి ఉంచుతుంది, మైదా అవసరం ఉండదు. ఒక గుడ్డు, మిరియాల పొడి కలిపి, పెనం మీద 3 మిల్లీమీటర్ల లోతు నూనె పోసి, పలుచటి బిళ్ళలుగా వేయండి. ఒక్కో వైపు 4 నిమిషాలు. పెనం నిండా ఇరికించి వేస్తే నూనె వేడి పడిపోతుంది, బిళ్ళ వేగకుండా నూనె తాగుతుంది, కాబట్టి ఒకసారికి నాలుగే వేయండి.

తీసిన తర్వాత కాగితం మీద దొంతరగా పేర్చే అలవాటు మానేయండి. కింద చిక్కిన ఆవిరి అడుగును తడిపేస్తుంది. ఒక క్షణం కాగితం మీద అద్ది వెంటనే తీగ జాలీ మీదికి మార్చి, 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచితే మిగతా వాయిలు పూర్తయ్యేదాకా కరకరలాడుతూనే ఉంటాయి.

చిరుజల్లు

ఇక్కడ అందరూ నీటిని శత్రువుగా చూస్తున్నారు. నీరు లేకపోతే అసలు పుట్టని చిరుతిండి ఒకటి ఉంది, పాప్‌కార్న్. ఆ గింజలో 14 శాతం దాకా చెమ్మ ఉంటుంది. దాదాపు 180 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి ఒత్తిడికి గట్టి తొక్క పగిలి, మెత్తబడిన పిండి పొంగి బయటికి వస్తుంది. మూత వదులైన డబ్బాలో ఉండి ఎండిపోయిన గింజలు పేలకపోవడానికి కారణం అదే. అలాంటప్పుడు ఒక కప్పు గింజలకు ఒక చిన్న చెంచా నీరు కలిపి, సీసాలో మూతపెట్టి, రోజూ ఒకసారి కుదుపుతూ మూడు నాలుగు రోజులు ఉంచితే మళ్ళీ పేలతాయి.

మందపాటి గిన్నెలో 3 పెద్ద చెంచాల నూనె, మూడు గింజలు వేసి మూతపెట్టండి. మూడూ పేలితే నూనె సరిగ్గా కాగినట్టు. అర కప్పు గింజలు వేసి, మూత కాస్త ఓరగా పెట్టి కుదుపుతూ ఉండండి. ఓరగా ఎందుకంటే, పేలిన గింజ వదిలిన ఆవిరి అక్కడే ఉంటే అదే పేలాన్ని తోలులాగా చేస్తుంది. ఉప్పును మెత్తగా దంచి చల్లితే అంటుకుంటుంది.

చిన్నపిల్లలు వస్తున్నారా తొలిపొద్దు గారూ? నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు పాప్‌కార్న్, గట్టిగా వేయించిన శనగలు, జీడిపప్పు లాంటి గింజలు గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది. నా పిల్లల చిన్నప్పుడు ఈ పళ్ళాలను వారికి అందని చోటనే పెట్టేదాన్ని.

తొలిపొద్దు

ఇద్దరు పిల్లలు వస్తారు, చిన్నవాడికి మూడేళ్ళు. గుర్తుచేసినందుకు చాలా సంతోషం. వారికి గుడ్లు, బంగాళాదుంప బిళ్ళలు పెడతాను.

గోధుమవన్నె

అయితే ముందు రోజు చేసిపెట్టుకోవడానికి చీజ్ బిస్కట్లు కూడా ఒకటి చేర్చుకోండి. మైదా 100 గ్రాములు, చల్లటి వెన్న 75 గ్రాములు, బాగా గట్టిగా ఉండే చీజ్ తురుము 100 గ్రాములు, అర చిన్న చెంచా కారప్పొడి. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కనుక చిటికెడు మించి వద్దు. నీరు అసలు పోయవద్దు, వెన్న, చీజ్ చెమ్మతోనే ముద్ద అవుతుంది. కర్రలాగా చుట్టి, ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి, అర సెంటీమీటరు మందాన చక్రాలు కోసి, 180 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు అంచులు ఎర్రబడేదాకా కాల్చండి. గాలి మూసిన డబ్బాలో నాలుగైదు రోజులు ఉంటాయి. ఆ కర్రను కాల్చకుండా ఫ్రీజర్‌లో నెల రోజులు దాచుకోవచ్చు, అనుకోకుండా ఎవరైనా వస్తే కోసి కాల్చుకోవచ్చు.

మీకు గాలి విసిరే ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే ఇక్కడ చెప్పిన వేడిని 20 డిగ్రీలు తగ్గించండి. ఎయిర్ ఫ్రయర్ కూడా అలాంటి చిన్న ఓవెనే.

తెల్లకాగితం

వంటకాల జాబితా పూర్తయినట్టుంది. బయట ఉంచే సమయం గురించి కూడా చెప్పకపోతే నా బాధ్యత తీరదు. గుడ్లు, చీజ్ కూర్పులు, పెరుగు డిప్, హమ్మస్ లాంటివి గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ బాగా ఉన్న రోజైతే ఒక్క గంట. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య హానికర సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఉన్నదంతా ఒకేసారి బల్ల మీద పరచకుండా, సగం ఫ్రిజ్‌లో ఉంచి, పళ్లెం ఖాళీ అయ్యాక కొత్త పళ్లెంలో తెండి. అరగంట నుంచి బయట ఉన్నదాని మీదే కొత్తది పోయకండి. రెండు గంటలు దాటి బయట ఉన్నది సోమవారం బాక్సులోకి వెళ్ళకూడదు, బాక్సు వాటా ముందే తీసి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి.

పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గది వేడిలో రోజుల తరబడి నిల్వ చేయడం ఇంకో ప్రమాదం. నూనె అడుగున గాలి తగలని చోట బొటులిజం అనే తీవ్రమైన ఆహార విషబాధ కలిగించే సూక్ష్మజీవి పెరుగుతుంది, దాని విషం వాసనకూ రుచికీ తెలియదు. కావలసినప్పుడు కావలసినంతే చేసుకోండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి.

ఎవరికైనా గుడ్లు, గింజలు, నువ్వులు, పాలు, గోధుమలు పడవేమో ముందే అడగండి. హమ్మస్‌లో నువ్వులు ఉన్న సంగతి తినేవారికి చూడగానే తెలియదు.

నీలిమబ్బు

అందరి సూచనలూ కలిపి ఒక వరుస చెబుతాను. శుక్రవారం రాత్రి శనగలు నానబెట్టండి, పెరుగు వేలాడదీయండి. శనివారం శనగలు ఉడికించి వేయించడం, హమ్మస్, చీజ్ బిస్కట్లు, గుడ్లు ఉడికించడం. ఒలిచిన గుడ్లను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, నింపడం ఆదివారం ఉదయం చేయండి. ఆదివారం పుట్టగొడుగులను బోర్లించి కాల్చి నీరు వంపేసి, కూర్పు నింపి సిద్ధంగా ఉంచితే, అతిథులు వచ్చాక ఓవెన్‌లోకి తోయడమే మిగులుతుంది. బంగాళాదుంప ఒక్కటే అప్పటికప్పుడు చేయవలసినది, ముందే తురిమి ఉంచితే నల్లబడుతుంది. తేలికపాటి భోజనంగా ఒక కూరగాయల సూప్ పెద్ద గిన్నెలో ఉంటే చాలు, టమాటా నుంచి దిగిన రసం అందులోకి వెళుతుంది.

తొలిపొద్దు

నిన్న మిత్రులు వచ్చి వెళ్ళారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనగలు చివరి గింజ దాకా కరకరలాడాయి. ఓవెన్ తలుపు ఓరగా తెరిచి ఉంచిన ఆ అరగంటే కారణమని నమ్ముతున్నాను. టోస్టులూ టమాటా వేర్వేరుగా పెట్టడం వల్ల ఒక్కటి కూడా వంగలేదు, పైగా ఎవరికి కావలసినంత వారు పేర్చుకుంటూ బల్ల చుట్టూ చేరడంతో నేనూ వారితో కూర్చోగలిగాను. పోయినసారి నేను వంటింట్లోంచి బయటికే రాలేదు. పుట్టగొడుగులను బోర్లించి కాల్చినప్పుడు పళ్లెంలో చేరిన నీటిని కొలిచాను, పదహారు గొడుగులకు దాదాపు పావు కప్పు. ఆ నీరంతా పోయినసారి మా అతిథుల పళ్ళాల్లోకి వెళ్ళిందన్నమాట.

గుడ్లు పన్నెండింటిలో పదకొండు నునుపుగా ఒలిచాను. బంగాళాదుంప బిళ్ళల మొదటి వాయి విడిపోయింది, అడుగున పేరుకున్న పిండిని తిరిగి కలపడం మరచిపోయాను, గుర్తొచ్చి కలిపాక రెండో వాయి నుంచి బాగా వచ్చాయి. మూడేళ్ళ బాబు నాలుగు తిన్నాడు. చీజ్ బిస్కట్లు మాత్రం పళ్లెంలో పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. రుచి బాగుంది కానీ ఆకారం లేదు. చుట్టిన కర్రను ఇరవై నిమిషాలే ఫ్రిజ్‌లో ఉంచాను, పొరపాటు అక్కడేనా గోధుమవన్నె గారూ?

పెరుగు వేలాడదీసినప్పుడు కింద దిగిన పచ్చటి నీరు రెండు కప్పులు ఉంది. పారబోయడానికి మనసు రాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాను.

గోధుమవన్నె

అక్కడే. వెన్న గట్టిపడకముందే ఓవెన్‌లోకి వెళితే, పిండి బిగుసుకునేలోగా వెన్న కరిగి బిస్కటు పరుచుకుపోతుంది. ఈసారి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి, కోసిన చక్రాలు పళ్లెంలో పరిచాక ఇంకో పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి నేరుగా కాల్చండి.

పెరుగు నీటిని పారబోయకండి. రొట్టె పిండి కలిపేటప్పుడు మామూలు నీటికి బదులు పోస్తే కాస్త పులుపు, మెత్తదనం వస్తాయి. సూప్‌లోనూ పోయవచ్చు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది, కాబట్టి ఈ వారమే ఆ టోస్టులకు కావలసిన రొట్టె మీరే కాల్చండి. కొలతలు కావాలంటే రేపు ఉదయం ఇక్కడే రాస్తాను.

తొలిపొద్దు

తప్పకుండా రాయండి. రెండు కప్పులకు సరిపడే కొలత ఇవ్వండి.